డాక్టరయ్య తిన్నె మీద కూర్చుంటే

ఆయన పోయిన సంగతి నాకు గోడ చెప్పింది. మా పుదుచ్చేరిలో చావు కబురు మనుషుల కంటే ముందు పోస్టర్లకే తెలుస్తుంది. ఉదయం సైకిలు మీద ఆఫీసుకు పోతూ వైట్ టౌన్ మలుపులో ఆగాను. అక్కడి గోడ మీద అప్పుడే అంటించిన పోస్టరు, జిగురు ఇంకా ఆరలేదు. నల్లటి అంచు, తమిళంలో పెద్ద పెద్ద అక్షరాలు, నడుమ ఆయన ఫొటో. మాజీ మంత్రి అని రాశారు, మాజీ ఎమ్మెల్యే అని రాశారు, పేదలకు తోడు అని కూడా రాశారు. డాక్టరన్న మాటను పేరు ముందు ఎక్కడో ఇరికించారు.

ఫొటోలో ఆయన రెండు చేతులూ జోడించి దణ్ణం పెడుతున్నాడు. నాకు ఏడుపు రావాల్సిన చోట కోపం వచ్చింది. ఆ చేతులు అలా ఊరికే జోడించి ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఎవరైనా ఎదురుపడితే ఆయన చెయ్యి తనంతట తానే వాళ్ల మణికట్టు మీదికి పోయేది. పలకరింపు సంగతి ఆ తర్వాత. అంత పెద్ద పోస్టరు వేయించినవాళ్లకు ఆ మాత్రం తెలియదా అనిపించింది. ఆఫీసులో ఆ పూట ఏ పని చేశానో నాకు గుర్తులేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా మా ఒర్లియంపేటలో ఎవరికీ ఆ పేరుతో పని లేదు. అందరికీ ఆయన డాక్టరయ్య. మంత్రి అయిన రోజుల్లో కూడా, జెండా కట్టిన కారు వీధి మొదట ఆగితే, పిల్లలు "డాక్టరయ్య వచ్చినాడు" అనే అరిచేవాళ్లు. ఆయనకు కూడా అదే ఇష్టం. ఒకసారి ఎవరో "మంత్రిగారూ" అని పిలిస్తే వినిపించుకోకుండా వెళ్లిపోయాడని మా అమ్మ చెప్పి నవ్వేది.

బజారులో నూనె అంగడి నడిపే తెలుగువాళ్ల ఇంటి పిల్లవాడు. ఫ్రెంచివాళ్లు ఉండగానే ఇక్కడ వైద్యం చదివాడు. నాడి చూసేటప్పుడు పెదవులు కదిలీ కదలకుండా ఫ్రెంచిలో లెక్కపెట్టేవాడు. చిన్నప్పుడు నేను అదేదో మంత్రం అనుకునేదాన్ని. రోగులతో మాత్రం వచ్చినవాళ్లది ఏ భాషో ఆ భాష. మాతో మా ఇంటి తెలుగే, సగం తమిళం కలిసిన తెలుగు.

"ఏం బాధ?" అని ఆయన ఎవరినీ అడగలేదు. "రాత్రి ఏం తిన్నావ్?" అని అడిగేవాడు. తలనొప్పికైనా, కాలు బెణికినా అదే ప్రశ్న. జ్వరంగా ఉందయ్యా అని మొదలుపెడితే కసురుకునేవాడు.

"జ్వరమో కాదో నేను చెప్తా. నువ్వు తిన్నది నువ్వు చెప్పు."

ఎవరైనా గంజి తాగానని అబద్ధం చెబితే పట్టేసేవాడు. "గంజా? కరువాడు వాసన ఈడిదాకా కొడతా ఉండాది" అనేవాడు. ఎండుచేపలను మేం కరువాడు అంటాం. బెంచీ మీద కూర్చున్నవాళ్లందరూ నవ్వేవాళ్లు, ఆయన నవ్వేవాడు కాదు. ఆయన మంచివాడే, మెత్తనివాడు కాదు. ముందు నాటువైద్యుడి దగ్గర తిరిగి, జబ్బు ముదిరాక తన దగ్గరికి వచ్చినవాళ్లను నోటికొచ్చినట్టు తిట్టేవాడు. తిడుతూనే సూది వేడినీళ్లలో వేసేవాడు.

వీటన్నిటికంటే మా వీధికి బాగా తెలిసిన అలవాటు ఒకటుంది. మా ఇళ్ల ముందు వీధి అరుగులను తిన్నె అంటాం. డాక్టరయ్య ఇంటికొచ్చి రోగిని చూశాక, చెయ్యి కడుక్కుని, బ్యాగు సైకిలుకు తగిలించుకుని, "రెండు దినాల్లో లేస్తాది" అని గడపలోంచే వెళ్లిపోతే భయం లేదు. అలా కాకుండా బయటికొచ్చి, బ్యాగు తిన్నె మీద పెట్టి, పక్కన తాను కూర్చుని, ఇంటి పెద్దను చూస్తూ అరచేత్తో పక్క జాగా తట్టాడంటే ఇక అంతే. చెడ్డ కబురు ఇంటి లోపల చెప్పేవాడు కాదు, రోగి చెవిన పడుతుందని. బయట మాత్రం ఏదీ దాచేవాడు కాదు. దేవుడున్నాడు, చూద్దాం, ప్రయత్నిద్దాం, ఇలాంటి మాటలు ఆయన దగ్గర లేవు. చెప్పాల్సింది చెప్పి, అవతలి మనిషి తేరుకుని నోరు తెరిచేదాకా అక్కడే కూర్చునేవాడు. క్లినిక్కులో ఎంతమంది ఎదురుచూస్తున్నా లేచేవాడు కాదు.

మా అవ్వకు జబ్బు చేసినప్పుడు మా తిన్నె మీద కూడా కూర్చున్నాడు. అవ్వ నెల్లూరు వైపు మనిషి. మా వీధిలో తెలుగు మాట్లాడేవాళ్లే గాని చదవగలిగినవాళ్లు లేరు. నాకు అక్షరాలు నేర్పింది అవ్వే. ఆ రోజు నేను పలక ఒళ్లో పెట్టుకుని తలుపు వెనక నిలబడి ఉన్నాను.

"గుండె అలిసిపోయినాది రాఘవులూ. మందు రాస్తా, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. రావాల్సినోళ్లని పిలిపించుకో" అన్నాడు మా నాయనతో.

"ఎన్నాళ్లు డాక్టరయ్యా?"

"దీపావళి చూడదు."

నాయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. డాక్టరయ్య వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు, ఓదార్చలేదు. మర్నాడే నెల్లూరు నుంచి మా మేనత్తలను పిలిపించాం. వాళ్లు వచ్చేటప్పటికి అవ్వ ఇంకా గుర్తుపట్టి మాట్లాడుతూ ఉంది. తల్లీకూతుళ్లు మంచం చుట్టూ చేరి ఎన్నో పాత సంగతులు చెప్పుకున్నారు, పోట్లాడుకున్నారు, నవ్వుకున్నారు. ఆయన ఆ మాట చెప్పకుండా ఉంటే ఆ రోజులు మాకు దక్కేవి కావు. అవ్వ దీపావళికి ముందే పోయింది.

ఇలాంటివి ఇంటింటికీ ఉన్నాయి గనక, మామూలు రోజుల్లో ఆయన్ని ఎవరూ తిన్నె మీద కూర్చోనిచ్చేవాళ్లు కాదు. ఎండకు అలిసి కాస్త ఆగితే చాలు, "లోపలికి రండి, లోపలికి రండి" అని ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చేవాళ్లు. మా పక్కింటి చెంగమ్మక్కయితే ఆయన వీధిలోకొచ్చే వేళకు తిన్నె నిండా వడియాల చాప పరిచేసేది. ఆయనకు ఇదంతా తెలుసు. వడియాలను చూసి "ఇంకా ఎండలేదా?" అని అడిగి వెళ్లిపోయేవాడు.

ఇలాంటి మనిషి రాజకీయాల్లోకి ఎందుకు పోయాడని పోస్టర్లవాళ్లు ఏవేవో చెబుతారు. మాకు తెలిసిన కారణం మా వీధి మురుగుకాలవ. డెబ్బైల మొదట్లో ఆ కాలవకు మూత లేదు. ప్రతి వానాకాలం అది పొంగి నీళ్ల కొళాయి గుంటలోకి చేరేది. ప్రతి వానాకాలం అవే ఇళ్లలో ఆ పిల్లలకే వాంతులు, విరేచనాలు. ఒక ఏడు చెంగమ్మక్క కొడుక్కి మందు రాయబోయి కలం ఆపేశాడు.

"పోయినేడు కూడా ఈడికి ఇదే రాసినా గదా?"

"అవునయ్యా. దాని ముందేడు గూడా."

"అయితే మందు ఈడికి కాదమ్మా పొయ్యాల్సింది. కాలవకి."

మందు రాసిచ్చాడు, ఆ బిడ్డ బతికాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆయన కాలవ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగాడు. సంతకం చెయ్యాల్సినవాళ్లు చెయ్యలేదు. ఎన్నికలు వచ్చినప్పుడు ఒక పార్టీవాళ్లు పిలిస్తే సరేనని వెళ్లాడు. కాలవకు మూత వేయించడానికి ఇంత దూరం పోవాలా అని బజారులో ఆయన అన్నదమ్ములు తలలు పట్టుకున్నారు.

మొదటిసారి ఓట్లు అడగడానికి వచ్చిన రోజు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వు ఆగదు. వెంట వచ్చిన పార్టీవాళ్లు వేరే పేటలవాళ్లు. అభ్యర్థి నడిచి నడిచి అలిసిపోయాడని, చెంగమ్మక్క ఇంటి తిన్నె మీద తువ్వాలు పరిచి, ఆయన్ని కూర్చోబెట్టి సోడా కొట్టి ఇచ్చారు. డప్పులు మోగుతున్నాయి. ఆ ఉదయం చెంగమ్మక్క మొగుడు గోవిందన్న కడుపునొప్పని పనికి పోకుండా లోపల పడుకుని ఉన్నాడు. చప్పుడు విని అక్క తలుపు తీసింది. తిన్నె మీద డాక్టరయ్య కనిపించాడు. ఒక్క కేక పెట్టి గడపలోనే కూలబడిపోయింది.

"అయ్యో నా మొగుడు! ఏమైపోయినాడయ్యా నా మొగుడు!"

డప్పులు ఆగిపోయాయి. డాక్టరయ్య సోడా సీసా పక్కన పెట్టి గబుక్కున లేచాడు.

"ఏం కాలేదమ్మా, ఏం కాలేదు. నేను ఓటుకి వచ్చినా."

"ఓటుకైతే నిలబడి అడగండి! ఈడ కూచుంటారా ఎవురైనా?"

ఆ రోజు నుంచి ఎంత ఎండైనా ఆయన నిలబడే ఓట్లు అడిగాడు. మిగతా పేటల్లో దాన్ని వినయం అనుకున్నారు. ఆ వినయానికే చాలా ఓట్లు పడ్డాయని పార్టీవాళ్లు మురిసిపోయారు. మా వీధివాళ్లు ఎవరూ వాళ్లకు అసలు సంగతి చెప్పలేదు.

ఆయనకు ఉపన్యాసం చెప్పడం రాదు. ముందు మాట్లాడినవాళ్లు తమిళంలో నిప్పులు కురిపించి దిగితే, ఆయన లేచి మందు చీటీ చదివినట్టు నాలుగు ముక్కలు చెప్పి "అంతే" అని కూర్చునేవాడు. మాల వేస్తే తుమ్ములు. అందుకని కార్యకర్తలు మాలను మెడలో వెయ్యకుండా చేతికిచ్చేవాళ్లు. ఒకసారి మైదానంలో పెద్ద సభ, ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, ముందు వరసలో వేలు చూపించాడు. "ఆ పచ్చ చీరమ్మా, నీ కళ్లు నాకు ఈడికే పచ్చగా కనిపిస్తా ఉండాయి. రేపు క్లినిక్కుకి రా" అన్నాడు. ఆమె ఎదుటి పార్టీ మనిషి అని తర్వాత తెలిసింది. మర్నాడు వచ్చింది. కామెర్లే.

గెలిచాడు, కాలవకు మూత పడింది. మళ్లీ గెలిచాడు, కొంతకాలం మంత్రిగా కూడా ఉన్నాడు. ఆ రోజుల గురించి నాకు చెప్పబుద్ధి కాదు, కాని దాటేస్తే అబద్ధమవుతుంది. క్లినిక్కు వారంలో సగం రోజులు మూసి ఉండేది. ఇంటి ముందు అర్జీలు పట్టుకున్న జనం. రోడ్డు కావాలని వచ్చినవాడి నాలుక చూసి మందు రాసేవాడు గాని, రోడ్డు మాట వచ్చేసరికి "చూద్దాం" అనడం నేర్చుకున్నాడు. మా అమ్మ ఒకసారి రేషను కార్డు పని మీద వెళ్లి వచ్చి కాళ్లు కడుక్కుంటూ అంది, "ఆయన నోట చూద్దాం అనే మాట మొదటిసారి ఇన్నా. నాకు ఏందో బాగలేదు." కార్డు తర్వాత వచ్చింది. అమ్మకు ఆ బాధ మాత్రం ఉండిపోయింది. నాకూ ఉండేది. మా డాక్టరయ్యను ఎవరో మా దగ్గర్నుంచి తీసుకుపోయి ఆ కారులో పెట్టారని అనిపించేది.

ఎనభైలు వచ్చాక మా నాయన పనిచేసే మిల్లుకు తాళం పడింది. మురుంగపాక్కం దారిలో ఉండేది, పెద్ద మిల్లేమీ కాదు. మా వీధిలో చాలా ఇళ్లు దాని మీదే బతికేవి. నాయన నేత సెక్షనులో పెద్దవాడు. ఇంకో రాఘవులు ఉన్నాడని ఈయన్ని అక్కడ ఎం. రాఘవులు అనేవాళ్లు. మగ్గాల రొదకు చెవులు కొంచెం మందగించి, ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడేవాడు. మిల్లు మూసిన మర్నాడు కూడా ఖాకీ చొక్కా వేసుకుని గేటు దాకా పోయి వచ్చాడు. ఆ తర్వాత రోజూ అంతే. గోవిందన్న, మిగతావాళ్లు కూడా పోయేవాళ్లు. గేటు ముందు చెట్టు నీడన కూర్చుని మధ్యాహ్నానికి ఇళ్లకు వచ్చేవాళ్లు.

మిల్లు మూతబడిందన్న మాట నాయన నోట రాలేదు. "మిల్లు తెరిస్తే" అనేవాడు. అమ్మ నాలుగిళ్లలో పిండి రుబ్బడానికి ఒప్పుకుంటే, "మిల్లు తెరిస్తే మానేద్దువులే" అన్నాడు. నేను కాలేజీ మానేసి ఏదైనా అంగట్లో చేరతానంటే, "మిల్లు తెరిస్తే ఏం చేస్తావు, కాలేజీలో మళ్లా చేర్చుకుంటారా?" అని కసిరాడు. ఎవరైనా వేరే పని మాట ఎత్తితే లేచి బయటికి పోయేవాడు. పాతికేళ్లు మగ్గం మీద నిలబడిన మనిషి. ఆయనకు మరో పని చెయ్యడమంటే మగ్గాన్ని తానే చంపినట్టుండేది. ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనిపిస్తూ ఉండేది. రోజులు అలా పోతుంటే ఆయన ఏమైపోతాడోనని నాకూ అమ్మకూ భయం పట్టుకుంది.

అప్పుడే మళ్లీ ఎన్నికలొచ్చాయి. ఎదుటి అభ్యర్థి మా వీధికి వచ్చి, గెలిచిన మర్నాడే తాళం తీయిస్తానని బిడ్డల మీద ఒట్టు పెట్టాడు. ఈలలు, చప్పట్లు. డాక్టరయ్య కూడా అదే మాట చెప్పాలని ఆయన పార్టీవాళ్లు పట్టుబట్టారట. చెబితే గెలుపు ఖాయం. వీధిలో అందరూ ఆ మాట కోసమే చూస్తున్నారు. నాయన అందరికంటే ఎక్కువగా చూస్తున్నాడు. "ఈయన చెప్పినాడంటే జరుగుతాది. అబద్ధం ఆడే మనిషి కాదు" అని గేటు దగ్గర అందరికీ ధైర్యం చెప్పి వచ్చాడు.

ఒక సాయంత్రం ఎండ తగ్గాక డాక్టరయ్య వచ్చాడు. వీధి నడుమ కుర్చీ వేసి ఉంచారు, పక్కన మైకు. కారు వీధి మొదటే ఆపి నడుచుకుంటూ వచ్చాడు. కుర్చీ దాటాడు. మైకు దాటాడు. మా ఇంటి ముందు ఆగి, భుజం మీది పార్టీ తువ్వాలు తీసి మడిచి పక్కన పెట్టి, మా తిన్నె మీద కూర్చున్నాడు.

మాట మొదలుపెట్టనవసరం లేకపోయింది. చెంగమ్మక్క కొంగు నోట్లో కుక్కుకుంది. డప్పు కొట్టేవాళ్లు వేరే పేట నుంచి వచ్చినవాళ్లు, వాళ్లు మాత్రం ఇంకాసేపు కొట్టి, జనం మొహాలు చూసి ఆపేశారు. డాక్టరయ్య నాయనను చూస్తూ పక్కన జాగా తట్టాడు. నాయన కూర్చోలేదు.

"రాఘవులూ, నేను లోపలికి పోయి చూసొచ్చినా" అన్నాడు డాక్టరయ్య. "యజమాని రానియ్యనన్నాడు. వాచ్‌మాన్ వెనక గేటు తీసినాడు. మగ్గాలు లేవు. నేల మీద బోల్టుల గుంటలు ఉండాయి, అంతే. మిల్లు ఇంక తెరవరు."

"రిపేరుకి పంపించినారేమో?" గుంపులోంచి గోవిందన్న అన్నాడు.

"రిపేరుకి పంపేవాడు గోడలో కరెంటు తీగలు పీక్కుపోడు గోవిందా." మళ్లీ నాయన వైపు తిరిగాడు. "పెద్దాసుపత్రిలో బట్టలుతికే కాడికి మనుషుల్ని తీసుకుంటా ఉండారు. నీళ్ల పంపుల కాడ గూడా. రేపే పోయి అర్జీ పెట్టుకోండి. నేను సిఫార్సు చెయ్యను, చెయ్యకూడదు. మీరు పోండి."

నాయన మొహం నల్లగా అయిపోయింది. ఇరవై ఊళ్లకు చీరలు నేసిన చేతులతో ఆసుపత్రి దుప్పట్లు ఉతకమంటున్నాడు, అదీ వీధి వీధంతా వింటుండగా.

"మేం నిన్ను డాక్టరని పిలవలా. ఎమ్మెల్యే అని పిలిచినాం" అన్నాడు. ఆయన్ని నాయన నువ్వు అనడం నేను ఎప్పుడూ వినలేదు.

"రెండిటికీ నాకు ఉండేది ఒకే నోరు రాఘవులూ."

నాయన లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఎవరో కుర్చీని కాలితో తన్ని పడేశారు. పార్టీవాళ్లు కారు దగ్గర తమలో తాము గొడవపడుతున్నారు. డాక్టరయ్య మాత్రం తన పద్ధతి ప్రకారం అలాగే కూర్చున్నాడు, ఎవరైనా నోరు తెరుస్తారేమోనని. ఎవరూ తెరవలేదు. అమ్మ నా చేతికి మజ్జిగ గ్లాసు ఇచ్చి దొడ్డిదారిన పంపింది. తీసుకుని తాగాడు.

"మీ నాయనకి కోపం తగ్గినాక ఇంకోసారి చెప్పు పాపా. రేపే పోవాల."

తువ్వాలు అక్కడే మరిచిపోయి వెళ్లాడు.

మర్నాడు అమ్మ తన జీవితంలో ఎప్పుడూ చెయ్యని పని చేసింది. గడపకు అడ్డంగా నిలబడి, ఆసుపత్రికి పోతానంటేనే దారి ఇస్తానంది. నాయన ఆమెను తిట్టాడు, నన్ను తిట్టాడు, పోయి అర్జీ పెట్టి వచ్చాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఎన్నికల్లో డాక్టరయ్య ఓడిపోయాడు. ఘోరంగా ఓడిపోయాడు. గెలిచినాయన తాళం తీయించలేదు, కొన్నాళ్లకు ఆ మిల్లు షెడ్డునే పడగొట్టారు. నాయనకు ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. నేను కాలేజీ పూర్తి చేశాను, ఆఫీసులో చేరాను. గోవిందన్న షెడ్డు కూలే రోజు దాకా గేటు దగ్గరికి పోతూనే ఉన్నాడు. తర్వాత ఏ ఉద్యోగానికి పోయినా వయసు దాటిందన్నారు. చివరికి మార్కెట్టులో మూటలు మోశాడు.

ఇంత జరిగినా నాయన పట్టు వదల్లేదు. ఆసుపత్రి పని గురించి ఎవరైనా అడిగితే "మిల్లు తెరిచేదాకా" అనేవాడు. షెడ్డు కూలిన తర్వాత కూడా అదే మాట. డాక్టరయ్య మళ్లీ పాత సైకిలు తీసి, పాత క్లినిక్కు తెరిచి, "రాత్రి ఏం తిన్నావ్?" అని అడగడం మొదలుపెట్టాడు. నాయన ఆ క్లినిక్కు గడప తొక్కలేదు. ఎదురుపడితే వీధి దాటి అవతలికి పోయేవాడు.

పోస్టరు చూసిన రోజు నేను సగం రోజుకే ఇంటికి వచ్చాను. శవాన్ని ఇంటి దగ్గరే ఉంచారు, సాయంత్రం ఎత్తుతారని చెప్పుకున్నారు. అమ్మ చీర మార్చుకుని సిద్ధంగా ఉంది. నాయన పొద్దున డ్యూటీ దిగి వచ్చి బనియనుతో మంచం మీద కూర్చున్నాడు.

"రా నాయనా, పోదాం" అన్నాను.

"మీరు పోండి."

"ఇంకా ఆ కోపమేనా? మనిషే పోయినాక ఏంది నాయనా?"

"కోపం కాదు." నేల చూస్తూ అన్నాడు. "నేను ఆయనకి ఓటెయ్యలా. ఆ ఇంకొకాయనకి ఏసినా. తాళం తీపిస్తానన్నోడికి."

అమ్మ చెయ్యి నోటి మీదికి పోయింది. ఇన్నేళ్లుగా ఆమెకూ తెలియదు.

"అర్జీ పెట్టొచ్చి గూడానా?" అంది.

"పెట్టొచ్చే ఏసినా. ఈయనకి ఏస్తే మిల్లు పోయినాదని నేనే ముద్ర గుద్దినట్టు గాదా? మా అమ్మని చూసిన మనిషి ఆయన. ఇప్పుడు యే మొగం పెట్టుకొని పోయేది నేను?"

అప్పుడు చెప్పాను ఆయనకు, అంతవరకూ చెప్పని సంగతి. చెబితే కోప్పడతాడని ఊరుకున్నాను. ఉద్యోగంలో చేరేటప్పుడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు కోసం నేను డాక్టరయ్య క్లినిక్కుకే వెళ్లాను. కనురెప్ప కిందికి లాగి చూశాడు, గోళ్లు చూశాడు, రాత్రి ఏం తిన్నానో అడిగాడు. సంతకం పెడుతుంటే ధైర్యం తెచ్చుకుని అడిగేశాను.

"ఆ మిల్లు మాట పోలింగ్ అయినాక చెప్పుంటే మీరు గెలిచుండేవాళ్లు గదా డాక్టరయ్యా?"

"గెలిచుంటా" అన్నాడు. కలానికి మూత పెట్టాడు. "ఆసుపత్రి అర్జీలకి గడువు పోలింగ్‌కి ముందే అయిపోతా ఉండె పాపా. అయినాక చెప్తే ఏం లాభం?"

సర్టిఫికెట్టు మీద ముద్ర వేస్తూ ఆయనే అడిగాడు.

"మీ వీధిలో ఎవురెవురు పెట్టినారు?"

"మా నాయన పెట్టినాడు."

"ఇంకా?"

"నాకు తెలిసి ఇంకెవురూ లేదయ్యా."

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. బెంచీ మీద రోగులు దగ్గుతున్నారు. తర్వాత కాగితం నా చేతికిచ్చి, "సరి. రాఘవులు పెట్టినాడు గదా" అన్నాడు.

నాయన ఇదంతా తల వంచుకుని విన్నాడు.

"ఓటు మాట ఏమైనా అడిగినాడా?"

"లేదు నాయనా. అర్జీ మాటే అడిగినాడు."

గోడకు చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి లేచాడు.

"నా చొక్కా యాడ పెట్టినావు?" అన్నాడు అమ్మతో.

ముగ్గురం నడిచే వెళ్లాం. ఇంటి ముందంతా కార్లు, తెల్ల చొక్కాలు, ఒకరి మీద ఒకరు పడుతూ మాలలు. మా దగ్గర మాల లేదు. నాయన చెప్పులు బయట విడిచి, జనంలో నలుగుతూ, ఎలాగో లోపలికి చేరాడు. తల దగ్గర ఆయన భార్య కూర్చుని ఉంది. ఇంతమందిలో ఈ మనిషి ఎవరో ఆమెకు తెలియలేదు.

"మీరు యాడనించి వచ్చినారు?" అని అడిగింది.

"ఒర్లియంపేట నుంచి అమ్మా" అన్నాడు నాయన. మగ్గాల దగ్గర అలవాటైన ఆ పెద్ద గొంతుతో, గదిలో అందరూ తిరిగి చూసేలా అన్నాడు. "మా మిల్లు మూతబడినాదమ్మా. ఆ మాట మాకు చెప్పింది ఈయన ఒక్కడే."

మిల్లు మూతబడిందన్న మాట మా నాయన నోట నేను వినడం అదే మొదటిసారి.